పసుపు పట్టిన తెల్లబంతి

మదనపల్లెలో స్నూకర్ ఆడేవాళ్ళు నూరు మందైనా ఉంటారు. ఆ బంతుల్ని తోమి మెరిపించేది ఎవరో వాళ్ళలో తొంభై తొమ్మిది మందికి తెలియదు. మిగిలిన ఆ ఒక్కణ్ణి నేను. నేనేదో గొప్ప ఆటగాణ్ణి అనుకునేరు, నన్ను ఓడించనివాడు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. మునికృష్ణ నడిపే స్నూకర్ పార్లర్ మేడ మీద ఉంటే, నా మందుల షాపు దాని కింద ఉంది. పదిహేను రోజులకొకసారి బంతుల పెట్టె నా కౌంటర్ మీదికి దిగుతుంది. సాయంత్రం చిన్నస్వామి తన ఆటోలో దాన్ని ఇంటికి తీసుకుపోయి మర్నాడు పొద్దున తెచ్చిస్తాడు. ఇంట్లో వాటిని తోమేది అతని భార్య యమున.

యమున పుట్టిల్లు తంబళ్లపల్లె దగ్గర ఒక పల్లె. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది, పెళ్ళిదాకా కూలికి వేరుశనక్కాయలు వొలిచింది. తొమ్మిదేళ్ళ కిందట పార్లర్లో బంతుల్ని సబ్బుపొడి కలిపిన బకెట్లో నానేయడం చిన్నస్వామి చూసి ఇంట్లో చెప్పాడట. "అట్ల నానేస్తే మెరుపు యాడ నిలుస్తాది? ఒకసారి ఈడికి తీసుకురా" అన్నదట యమున. అప్పటినుంచీ ఆ పని ఆమెదే.

ఆమె పని చూడాలంటే ఓపిక ఉండాలి. గోరువెచ్చని నీళ్ళలో ఒకే ఒక్క చుక్క షాంపూ వేస్తుంది. బంతుల్ని ఒక్కొక్కటిగా అరచేతిలో తిప్పుతూ కడిగి, కర్రల మొనకు రాసే నీలం చాక్ మరకల్ని బొటనవేలితో తీస్తుంది. పాత పంచె గుడ్డతో తుడిచి, ఆఖర్న నీరుగట్టువారిపల్లె మగ్గాల దగ్గర అడిగి తెచ్చుకున్న పట్టు పేలికతో రుద్దుతుంది. అదయ్యాక రెండు బంతుల్ని చెవి దగ్గర పెట్టుకుని టక్కుమని తాకిస్తుంది. ఏం వినబడుతుందమ్మా అని నేనొకసారి అడిగాను. "మురికి మిగిలుంటే బొంగురుగా పలుకుతాదన్నా" అంది. నేనూ తాకించి చూశాను. నాకు రెండూ ఒకటే. ఇన్నేళ్ళూ నేను ఓడిపోతున్నది ఎందుకో అప్పుడు కొంచెం అర్థమైంది.

ఇంత చేసే మనిషి పార్లర్ మెట్లు మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు. మగవాళ్ళ గుంపులో నాకేం పని అనేది.

ఈసారి దసరా పండగ రోజున మునికృష్ణ పోటీ పెట్టాడు. పుంగనూరు, కుప్పం పార్లర్ల వాళ్ళు ఆటగాళ్ళను తీసుకుని వస్తున్నారు. రెఫరీ బెంగళూరు నుంచి. మా వీధి వీధంతా వారం ముందునుంచే ఉడికిపోతోంది. నేనైతే మాత్రల బదులు టానిక్కు ఇచ్చి రెండుసార్లు తిట్లు తిన్నాను. ఆ ఉత్సాహంలో మునికృష్ణకు ఒక ఆలోచన వచ్చింది. బంతులు తోమే యంత్రమొకటి బెంగళూరులో చూశాడు. పోటీకి రెఫరీ దగ్గరున్న సెట్టే వాడుకుని, పండగ తర్వాత ఆ యంత్రం కొనేస్తానన్నాడు.

ఈ మాట చిన్నస్వామి ద్వారా ఇంటికి చేరింది. మర్నాడే యమున నా షాపు ముందుకొచ్చి నిలబడి మునికృష్ణను కిందికి పిలిపించింది.

"అన్నా, పోటీకి మన సెట్టే పెట్టు. నేను తోమి ఇస్తాను. ఆ రెఫరీ సారు వద్దంటే ఇంక నువ్వు మిషనే కొనుక్కో, నేను ఒక్క మాట అడగను. ఆయన సరేనంటే మాత్రం ఈ పని నా చేతిలోనించి తీయొద్దు."

మునికృష్ణ నా వైపు చూశాడు. నేను దగ్గుమందు సీసాల వైపు చూశాను. చివరికి సరేనన్నాడు.

ఇంక చూడాలి యమున పట్టుదల. మూడు రోజులు తోమింది. నవమి మధ్యాహ్నానికి ఇరవై రెండు బంతులూ కొత్త పెళ్ళికొడుకుల్లా తయారయ్యాయి. వాటిని పెట్టెలో సర్ది, పూలు తెద్దామని బజారుకు పోయింది. పోకుండా ఉండాల్సింది.

నవమి అంటే ఆయుధ పూజ. యమున అత్త రాములమ్మ పొద్దుటినుంచీ ఇంట్లో ఉన్న పనిముట్లన్నీ కడిగి వరసగా పెడుతోంది. కొడవలి, కత్తిపీట, మిక్సీ, కొడుకు ఆటో. కోడలికి కూడు పెట్టే వస్తువు ఏదని ఆలోచించింది పాపం. పెట్టె తెరిచింది. ఒక్కో బంతికీ నువ్వులనూనెలో కలిపిన పసుపు నిండా పట్టించి, కుంకుమ బొట్టు పెట్టి, పీట మీద పేర్చింది. కోడలు తిరిగొచ్చేసరికి హారతి కూడా అయిపోయింది.

యమున పూల పొట్లం కింద పెట్టి పీట దగ్గరికి పరుగెత్తిందట. చెయ్యి చాపేసరికి రాములమ్మ అడ్డం వచ్చింది.

"పూజలో పెట్టినవి రేపు పొద్దుదాకా ముట్టగూడదు. నీ బతుకు బాగుండల్లని మొక్కినానమ్మా, యాల అట్ల సూస్తావు?"

ఆ ముసలామె మొహంలోని సంబరం చూసి యమున ఒక్క మాట కూడా అనలేకపోయింది. నేనైతే ఇల్లు పీకి పందిరేసేవాణ్ణి.

పండగనాడు ఏడు గంటలకు పెట్టె తెమ్మని మునికృష్ణ నన్నే పంపాడు. పోటీ పదకొండుకు. నేను వెళ్ళేసరికి యమున పెరట్లో బకెట్ ముందు కూర్చుని ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నల్లబంతి, నీలం, ఎర్రబంతులు అన్నీ బాగానే తేలాయి. కర్రతో కొట్టే తెల్లబంతి పాతది, దాని ఒంటినిండా కంటికి కనబడని గీతలు. పసుపు ఆ గీతల్లోకి దిగిపోయింది. కంగారులో బట్టల సబ్బు వేసి రుద్దింది. పసుపు మీద సబ్బు పడితే ఏమవుతుందో తెలుగునాట ప్రతి ఇల్లాలికీ తెలుసు. తెల్లబంతి కాస్తా ఇటుక రంగు మచ్చలతో తేలింది.

"అంతా తెలిసి నేనే సబ్బేసినానన్నా. సబ్బు వద్దని అందరికీ సెప్పేదాన్ని నేను" అంది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో నాకే తెలియదు. "పైన రెండో టేబుల్ తెల్లబంతి ఉంది కదా, అది పెట్టేద్దాం" అన్నాను.

"అది తేలిక. ఆడేవాళ్ళకు ఒక్క దెబ్బకే తెలిసిపోతాది."

తొమ్మిదేళ్ళు చేత్తో పట్టి చూసిన మనిషికి బరువు తేడా తెలియకుండా ఉంటుందా. గడప దగ్గర రాములమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆమెతో ఎవరూ మాట్లాడటం లేదు.

యమున ఉన్నట్టుండి లేచింది. నిమ్మకాయ కోసి బంతికి రుద్దింది. ఇటుక రంగు పోయి మళ్ళీ పసుపు వచ్చింది. "పసుపు పట్టిన పంచెను ఏం చేస్తామన్నా? ఎండలో ఏస్తాం" అంటూ మిద్దె మెట్లెక్కింది. నేనూ వెనకే పరుగెత్తాను. నా వయసుకు, నా మోకాళ్ళకు అది పరుగే.

తడి గుడ్డ మీద బంతిని పెట్టి ఎండలో కూర్చుంది. ఒకే వైపు వేడెక్కకుండా నిమిషానికోసారి తిప్పుతోంది. తిప్పిన ప్రతిసారీ నేను వంగి చూస్తున్నాను. ఎనిమిదిన్నరకు ఒక పక్క రంగు తగ్గింది. పందెం కాసినవాడు కూడా అంత తపించి ఉండడు.

తొమ్మిదికి మబ్బు కమ్మింది.

యమున లేచి చుట్టూ చూసింది. నాలుగిళ్ళ అవతల ఒక మిద్దె మీద ఇంకా ఎండ పడుతోంది. బంతిని కొంగులో మూటకట్టుకుని పిట్టగోడ దాటింది. ఆ ఇళ్ళన్నీ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి కాబట్టి సరిపోయింది. నేను నీళ్ళ చెంబు పట్టుకుని వెనకాలే గోడలు దాటాను. ఎండ జరిగినకొద్దీ మేమూ జరిగాం. కింద వీధిలో జనం తలలెత్తి చూస్తున్నారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. ఏళ్ళ తరబడి మాత్రలు లెక్కపెట్టిన బతుకులో అంత హుషారు నాకెప్పుడూ కలగలేదు.

పదిన్నరకు ఫోన్ మోగింది. "ఏమప్పా, రెఫరీ వచ్చి కూసోనుండాడు, పెట్టె యాడ?" అన్నాడు మునికృష్ణ. యమున కిందికి దిగి పట్టు పేలిక తీసి తెల్లబంతిని ఆఖరిసారి రుద్దింది. చెవి దగ్గర నల్లబంతితో తాకించి విన్నది. పెట్టెలో పెట్టి మూత వేసింది. చిన్నస్వామి ఆటో తీసి మమ్మల్ని పార్లర్ కింద దింపాడు.

"నువ్వు కూడా పైకి రామ్మా" అన్నాను. ఈసారి కాదనలేదు. చెప్పులు మెట్ల కిందే విడిచి ఎక్కింది.

లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. పుంగనూరు నుంచి పాపన్న, కుప్పం నుంచి లోకేష్, ఇద్దరూ కర్రలు తుడుచుకుంటున్నారు. రెఫరీ నల్లకోటు మనిషి, నవ్వడమంటే డబ్బులిచ్చి కొనుక్కోవాలన్నట్టు ఉన్నాడు. బంతుల్ని ఒక్కొక్కటిగా దీపం కింద తిప్పి చూసి బల్ల మీద పెట్టాడు. ఎర్రవి పదిహేను అయ్యాయి, రంగులు ఆరూ అయ్యాయి. తెల్లబంతి దగ్గర ఆగాడు. ఒకచోట గోరుతో గీరాడు.

"ఇక్కడ ఏదో లేత పసుపు ఉందే" అన్నాడు.

మునికృష్ణ మొహం పాలిపోయింది. ఏదో ఒక అబద్ధం చెబుతాడని నాకు తెలుసు. అంతలో యమునే ముందుకొచ్చింది.

"ఆయుధ పూజ సార్. మా అత్త పసుపు పెట్టి మొక్కింది. తీయగలిగినంత తీసినాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. రెఫరీ నవ్వలేదు. బంతిని బల్ల మీద పెట్టి వేలితో మెల్లగా తోశాడు. అది ఆ చివరి అంచుదాకా పోయి, తాకి, అదే గీత మీద వెనక్కి వచ్చింది. ఎక్కడా వంకర పోలేదు, తడబడలేదు. ఆయన వేలి ముందుకొచ్చి ఆగింది. ఇంకోసారి తోశాడు. మళ్ళీ అంతే. నేను ఊపిరి బిగబట్టానని దగ్గు వచ్చాక తెలిసింది.

"నా సెట్టు కూడా ఇంత తిన్నగా రాదు. ఇదే ఆడించండి" అన్నాడు.

పార్లర్ ఒక్కసారిగా గోలెత్తింది. పుంగనూరు, కుప్పం పార్లర్ల వాళ్ళు అప్పుడే మునికృష్ణ చుట్టూ చేరి, మా బంతులు కూడా ఆమెకే పంపుతామని మొదలెట్టారు. మునికృష్ణ రెండు చేతులూ ఎత్తి యమున వైపు చూపిస్తూ "ఆమెనే అడుక్కోండప్పా, ఆ పని ఆమెది" అన్నాడు. ఆ మాట వినడానికి నేను తొమ్మిదేళ్ళు కాచుకున్నట్టనిపించింది, నా కళ్ళు చెమర్చాయి.

యమున ఆ గుంపులోంచి నా దగ్గరికి వచ్చింది. నా ఫోన్ అడిగి తీసుకుని, ఒక మూలకు పోయి ఇంటికి చేసింది. పక్కనే నిలబడ్డాను కాబట్టి నాకూ వినబడింది.

"అత్తా, ఆ బంతితోనే ఆడతాండారు."

అవతల రాములమ్మ గొంతు సన్నగా పలికింది.

"అట్లయితే నేనింక అన్నం తింటానమ్మా. నిన్న నువ్వు బంతుల్ని అట్ల సూసిన కాడ్నించి ఏమీ ముట్టలేదు."