ఆరో కొండ మీద అద్దం

దేవీపట్నం ఎగువన పడవ దిగేసరికి ఉదయం ఏడైంది. మార్గశిర మాసం. గోదావరి మీద మంచు దట్టంగా ఉంది, అవతలి గట్టు కనిపించడం లేదు. రాజమండ్రి పటాలం నుంచి మేం పద్దెనిమిది మందిమి. మనిషికి తుపాకీ, నలభై తూటాలు, ఒక కంబళి, ఇత్తడి లోటా, మొదటి పది రోజులకు బియ్యం.

ఉత్తర్వు చిన్నది. నది వెంట ఉన్న ఎనిమిది శిఖరాలు వరసగా ఎక్కాలి. ఒక్కొక్క శిఖరం మీద చెట్లు కొట్టి, రాళ్లు పేర్చి, వెనకటి శిఖరానికి అద్దంతో ఎండ మెరిపించాలి. సర్వే దొర ఆ మెరుపును దుర్భిణిలో చూసి కొండల దూరం తేలుస్తాడు. ప్రతి కొండ మీదా ఇద్దరిని అద్దంతో ఉంచి మిగిలినవాళ్లం ముందుకు సాగాలి. అలా కోరుకొండ పక్క గుట్ట దాకా మెరుపుల వరస నిలిచింది. అక్కడి నుంచి రాజమండ్రికి కబురు గుర్రం మీద గంటలో చేరేది.

అద్దానికి చిన్న మీట ఉండేది. నొక్కితే మెరుపు, వదిలితే చీకటి. పొట్టి మెరుపులు, పొడుగు మెరుపులు కలిస్తే ఇంగ్లీషు అక్షరాలు. ముందుకు సాగే మా గుంపులో ఆ పని అద్దాల సిపాయిది. ఉప్పాడ నేతవారి ఇంటి బిడ్డ, నాకంటే రెండేళ్లు పెద్ద. మిషన్ బడిలో చదివినందువల్ల నాకూ ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. సాయంత్రాలు గరిటెతో లోటా మీద కొట్టి నాకు ఆ భాష నేర్పేవాడు. తప్పు చేస్తే, "అబ్బాయ్, నీ మాటలకి పోగులు తెగిపోతున్నాయి" అనేవాడు.

ఆరో కొండకు బయలుదేరిన రోజు వాగులో నడుం లోతు నీళ్లు. మందుల పెట్టె నా వీపున ఉంది. నాచురాయి మీద కాలు జారింది. నేను లేచాను గానీ పెట్టె నిండా నీళ్లే. పైకి చేరాక హవల్దారు మూత తీశాడు. క్వినైను పొడి కరిగి పాలలా కారిపోయింది. ఆయన నన్ను తిట్టలేదు. "జ్వరాలు రాకుండా ఉంటే అదే పదివేలు" అన్నాడు. తిడితే బాగుండుననిపించింది.

నాలుగో రోజు అద్దాల సిపాయికి చలి మొదలైంది. మూడు కంబళ్లు కప్పినా పళ్లు టకటకలాడాయి. ఆ కొండల జ్వరం సంగతి పటాలంలో అందరికీ తెలుసు. దారి చూపే కొండరెడ్డి ఏదో ఆకు నూరి పోశాడు. చలి తగ్గింది, ఒళ్లు కాలిపోయింది. మర్నాటికి మనిషి మమ్మల్ని గుర్తుపట్టడం మానేశాడు.

హవల్దారు నావైపు చూశాడు. "ఆ అద్దం నీకు వచ్చా?"

"కొంచెం వచ్చండి."

"కొంచెం చాలు. పద."

ఆ రోజు సూర్యుడు కనబడలేదు. మరుసటి రోజు పదకొండున్నరకు మబ్బు విడింది. ముక్కాలి పీట మీద అద్దం సరిచేసి అయిదో కొండ మీదికి తిప్పాను. మీట నొక్కడం మొదలుపెట్టాను: జ్వరం. క్వినైను లేదు. పంపండి. రెండుసార్లు పంపాను. బదులు లేదు. మూడోసారి సగంలో ఉండగా అవతల మెరిసింది.

"ఎవరు నువ్వు? చెయ్యి కొత్తగా ఉంది."

"ఇంకో సిపాయిని. అద్దాల సిపాయి జ్వరంతో పడిపోయాడు."

తర్వాత చాలా నెమ్మదిగా, నా కోసమే అన్నట్టు ఒక్కొక్క అక్షరం వచ్చింది. "నిదానంగా మళ్లీ చెప్పు. నేనిక్కడే ఉన్నాను."

నిదానంగా చెప్పాను. మూడున్నరకు మబ్బు మూసేలోపు రాజమండ్రి నుంచి జవాబు చేరింది. "పడవ బయలుదేరుతోంది. మూడు రోజులు."

ఆ మూడు రోజులూ తడిగుడ్డ మారుస్తూ అతని పక్కనే కూర్చున్నాను. ప్రార్థన చేశాను. వాగులో పడింది నేను, మంచం పట్టింది ఇతను అన్న మాట మనసులోంచి పోలేదు. మూడో రోజు కొండరెడ్డి తెల్లవారుతూనే కొండ కింద రేవుకు దిగి కాచుకున్నాడు. మధ్యాహ్నం రెండింటికి ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. మంచులో పడవ జాడే లేదన్నాడు. హవల్దారు ముఖం తిప్పుకున్నాడు.

నాలుగింటికి కింద బండల మధ్య ఎవరో దగ్గారు. తుపాకీ ఎత్తాను. పైకి వచ్చింది మోకాళ్ల పైకి పంచె కట్టిన నడివయసు మనిషి. పాదాలు చీరుకుపోయి నెత్తురు కారుతున్నాయి. పడవ తెడ్డు ఊతకర్రగా పట్టుకున్నాడు.

"అద్దాల కొండ ఇదేనాండి?" అన్నాడు రొప్పుతూ. "మంచులో రేవు దాటిపోయానండి. ఎవరూ కనపళ్లేదు. మందు కదా, ఇంకొకళ్ల కోసం చూస్తూ కూకోలేకపోయాను." తలపాగా విప్పి అందులోంచి మైనపుగుడ్డ పొట్లం తీశాడు. పొడిగా ఉంది.

రెండో రోజుకు చెమట పట్టి జ్వరం దిగింది. నాలుగో రోజు అద్దాల సిపాయి గంజి తాగి నన్ను పిలిచాడు. "అయిదో కొండవాడితో ఏం మాట్లాడావు?" చెప్పాను. "అక్షరాలన్నీ సరిగ్గా పంపావా?" "రెండు తప్పాయి." "మందు వచ్చింది కదా, చాల్లే" అని నవ్వాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. కట్టెలు తెస్తానని అవతలికి పోయాను.

మిగిలిన రెండు కొండలూ ఎక్కాం. ఎనిమిదో శిఖరం మీద అద్దం తిప్పింది అతనే. ఫాల్గుణంలో రాజమండ్రి చేరాం. పద్దెనిమిది మందిమి వెళ్లాం, పద్దెనిమిది మందిమీ వచ్చాం.

ఇంటికొచ్చాక చెల్లెలు అడిగింది, "అన్నయ్యా, అంత పైనుంచి చూస్తే ఏం కనబడుతుంది?" అడవి, మంచు, దూరంగా పల్లపు చేలు అని ఏవేవో చెప్పాను. నాకు కనబడేది వేరు. మందు తెచ్చిన మర్నాటి ఉదయం. పడవ మనిషి పాదాలకు మేం కాళ్లకు కట్టుకునే గుడ్డపట్టీలు చుట్టుకుని శిఖరం అంచున నిలబడ్డాడు. మంచు విడిపోయింది. ఎక్కడో కింద, రెండు కొండల నడుమ గోదావరి దారప్పోగులా మెరిసింది. పుట్టిన దగ్గర్నుంచి దాని మీదే బతికినవాడు, ఎన్ని వరదలు చూశాడో. వంగి కిందికి చూశాడు. తర్వాత చెయ్యి చాచి, రెండు వేళ్ల మధ్య ఆ నదిని పట్టుకున్నట్టు పెట్టి, మావైపు తిరిగి నవ్వాడు.

"ఇంతేనాండి ఇది!"