కోతపండుగ నాటి ఘాటు

మా పాత చర్చి సంఘం వాళ్ళు తమ చరిత్ర మీద ప్రత్యేక సంచిక ఒకటి వేశారు. నాకు పంపలేదు. ఆ చర్చిలో బాప్తిస్మం తీసుకుని, దాని పక్క గోడకు ఆనుకున్న క్రిస్టియన్ కాలేజీలో డిగ్రీ చదివి, ఇప్పుడు కనిగిరి వైపు ఒక చిన్న సంఘానికి పాస్టరుగా ఉన్నవాణ్ణి నేను. నా అడ్రసు వాళ్ళకు బాగా తెలుసు. కిందటి నెల గుంటూరులో ఒక పెళ్ళికి ప్రార్థన చేయడానికి వెళితే, పెళ్ళివారి సోఫా మీద ఆ సంచిక కనబడింది. భోజనానికి రమ్మని పిలుస్తున్నా లేవకుండా చివరి పేజీ దాకా చదివాను. తొంభైల చివర్లో మేం చదువుకున్న రోజుల గురించి అందులో ఒక్కటే వాక్యం ఉంది: "ఆ సంవత్సరపు కోతపండుగ ఆరాధన అనివార్య కారణముల వలన వరండాలో జరిగినది." సంపాదకుడు అప్పటి మా సంఘ సెక్రటరీగారే. ఆయనకు నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. అందుకని ఆ అనివార్య కారణమేమిటో నేనే రాస్తున్నాను.

మా అమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. గోడౌనులో ఎర్రటి రాశుల చుట్టూ ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని, పొద్దున్నించి సాయంత్రం దాకా తొడిమలు తుంచుతూ, విసుగు తెలియకుండా కీర్తనలు పాడుకునేవాళ్ళు. వాళ్ళలో చదువొచ్చినవాళ్ళు లేరు. పుస్తకం చూసే పని లేదు గనక ప్రతి కీర్తనా చివరి చరణం దాకా నోటికి వచ్చు. మిరప ఘాటు మాత్రం వాళ్ళ చీరల్లో, జుట్టులో, గోళ్ళ సందుల్లో ఇంకిపోయి, ఎంత సబ్బు పెట్టినా వదిలేది కాదు. ఆదివారం వాళ్ళు చర్చిలోకి వచ్చి కూర్చుంటే ముందు వరసలోని లెక్చరర్ల భార్యలకు తుమ్ములు మొదలయ్యేవి. అలా కొన్నాళ్ళు తుమ్మాక, ఒక ఆదివారం వరండాలో చాప పరిచి ఉంది. బయట కూర్చోండి అని ఎవరూ అన్నట్టు లేదు. చాప మాత్రం వారం వారం అక్కడే ఉండేది.

కాలేజీలో మాకు పొద్దున్నే బైబిలు క్లాసు. దేవుని ఇంట్లో ఎక్కువ తక్కువలు లేవని మాకు పాఠం చెప్పింది, ఎకనామిక్స్ లెక్చరరు కూడా అయిన మా సెక్రటరీగారే. పాఠం బాగా చెప్పేవారు, కాదనను. చర్చిలో కీర్తనలు పాడే కొయిర్లోకి నన్ను తీసుకున్నదీ ఆయనే. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని, పుస్తకం ఎత్తిపట్టుకుని, వరండా వైపు వీపు పెట్టి పాడేవాణ్ణి. ఏడాదిపాటు మా అమ్మ నా వీపే చూసింది. నేనూ నోరు మెదపలేదు. ఇది దాచిపెడితే సంపాదకులవారు పట్టుకుంటారు గనక ముందే ఒప్పుకుంటున్నాను.

రెండో ఏడు వానాకాలంలో ఒక ఆదివారం జల్లు కొట్టి చాప తడిసిపోయింది. ఆడవాళ్ళు గోడకు అంటుకుని నిలబడి పాడారు. ఆరాధన అయిపోగానే సెక్రటరీగారి దగ్గరకు వెళ్ళి, మా అమ్మావాళ్ళకు లోపల చోటివ్వమని అడిగాను.

"అబ్బాయ్, మనం ఎవర్నీ రావద్దనలేదుగా. వరండాలో గాలి కూడా బాగా ఆడుద్ది" అన్నారు.

"అయితే మీరే అక్కడ కూర్చోండి సార్" అన్నాను.

మరుసటి ఆదివారానికి నా గొంతు బొంగురుపోయిందని కొయిర్లోంచి తీసేశారు. నేను కమిటీకి అర్జీ పెట్టాను. 'పరిశీలించబడును' అని రాసుకున్నారు. ఇంకోటి పెట్టాను, మరొకటి పెట్టాను. హాస్టల్లో నా గది పంచుకున్న పిడుగురాళ్ల స్నేహితుడు, "ఒరేయ్, నీ అర్జీలన్నీ కలిపి కుడితే దిండు అవుద్దిరా" అని నవ్వేవాడు. అమ్మ మాత్రం, "నీకెందుకురా గొడవ? వరండాలో పాడినా దేవుడికి వినబడుద్ది" అనేది. దేవుడి సంగతి సరే, ఆయన ఇంట్లో ఏం జరుగుతోందో మనకు కనబడొద్దా అన్నది నా వాదం. నేనూ వరండాలోనే కూర్చోవడం మొదలుపెట్టాను.

ఆ ఏడు కోతపండుగ వచ్చింది. ఎవరి పొలంలో పండింది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెట్టే పండుగ. గుమ్మడికాయలు, పత్తి బుట్టలు, కాళ్ళు కట్టిన కోళ్ళు వచ్చాయి. ప్రత్తిపాడు నుంచి ఒక రైతు ఎండుమిరపకాయల బస్తాలు తెచ్చాడు. మా పాస్టర్లందరికీ పైవారైన పెద్దయ్యగారు ఆ రోజు ప్రసంగానికి వస్తున్నారు. చూడటానికి అందంగా ఉంటుందని సెక్రటరీగారు బస్తాలు విప్పించి, ప్రసంగ వేదిక ముందు కాయలు రాశిగా పోయించారు. పెద్దయ్యగారికి ఉక్కపోయకుండా నిలువెత్తు ఫేను ఒకటి తెప్పించి, రాశి పక్కన నిలబెట్టించారు. గుమ్మంలోంచి చూస్తున్న అమ్మ ఉండబట్టలేకపోయింది.

"బాబుగారూ, రాశి మీదకి ఫేను పెట్టకండయ్యా. కాయ బాగా ఎండింది, ఘాటు లేసుద్ది."

"మీరు కూర్చోండమ్మా, మాకు తెలుసు."

కొయిర్ మొదటి చరణం పూర్తిచేసింది. రెండో చరణంలో ఒక గొంతు తెగింది, తర్వాత వరసంతా దగ్గు. అది బల్లల మీదుగా వెనక్కి పాకింది. చంటిపిల్లలు గుక్కపట్టారు. ఫేను మీట రాశి అవతల ఉంది, అటు వెళ్ళే ధైర్యం ఎవరికీ లేదు. జనమంతా కళ్ళు మూసుకుని, తడుముకుంటూ బయటపడ్డారు. అందరికంటే ముందు బయటపడింది ఎవరో నేను రాయను. ఆయన ఆ సంచికకు సంపాదకుడు.

అమ్మ లేచి నిలబడింది. "ఏమే, పాట సగంలో వదిలేస్తారా ఎక్కడన్నా? లేవండే!"

ఆడవాళ్ళంతా బిలబిలమంటూ లోపలికి నడిచారు. అమ్మ నేరుగా వెళ్ళి ఫేను ఆపింది. ముందు బల్లల మీద కూర్చుని, కొయిర్ వదిలేసిన చోటునుంచి అందుకుని, చివరి చరణం దాకా పాడారు. ఒక్కరికీ దగ్గు రాలేదు. వాళ్ళ వెనకే వెళ్ళిన నాకు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఘాటుకేనని అప్పుడు అందరికీ చెప్పాను.

పెద్దయ్యగారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కిటికీ దగ్గరకు వచ్చారు. "ఆపకండమ్మా, ఇంకోటి పాడండి" అన్నారు. పాడారు. ఆ తర్వాత ఆయన వరండాలో, ఆ చాప మీదే నిలబడి ప్రసంగం చేశారు. లెక్చరర్లూ కమిటీవాళ్ళూ ఆయన చుట్టూ నేలమీద కూర్చున్నారు, మా అమ్మావాళ్ళు లోపల బల్లల మీద కూర్చుని కిటికీలోంచి విన్నారు. ముగించబోతూ ఆయన పక్కకు తిరిగి, "ఏమండీ సెక్రటరీగారూ, వీళ్ళు వారం వారం కూర్చునేది ఎక్కడ? అక్కడ కూర్చోమన్నది ఎవరు?" అని అడిగారు. సెక్రటరీగారు దగ్గారు. పెద్దయ్యగారు ఆగి చూశారు. సెక్రటరీగారు ఇంకా దగ్గారు.

"సరే, ఈ అమ్మలు ఇవాళ ఎక్కడ కూర్చున్నారో వచ్చేవారం నుంచీ అక్కడే" అన్నారు పెద్దయ్యగారు.

మరుసటి ఆదివారం వరండాలో చాప లేదు. ముందు వరసలోని ఒక లెక్చరరుగారి భార్య పక్కకు జరిగి, "రండి వదినగారూ" అని అమ్మకు చోటిచ్చి, వెంటనే తుమ్మింది. అమ్మతో సహా వరసంతా నవ్వింది. కొయిర్లోకి నన్ను మళ్ళీ రమ్మన్నారు. వెళ్ళలేదు. అమ్మ పక్కన కూర్చుని పాడాను.

ఏళ్ళు గడిచేకొద్దీ, మనుషులు చేసిన పనులు వాటంతటవే జరిగిపోయినట్టు కనబడతాయి. కానీ సెక్రటరీగారూ, చాప దానంతటది నడిచి వరండాలోకి పోదు. పెద్దయ్యగారు అడిగినరోజు మీకు దగ్గు అడ్డం వచ్చింది, నిజమే. ఎంత ఘాటు కాయకైనా ఇన్నేళ్ళ దగ్గు ఉండదు. ఇప్పుడు చెప్పండి సార్, వాళ్ళను అక్కడ కూర్చోమన్నది ఎవరు?