వదిన మూసిన తలుపు

మా ఆయన ఒకప్పుడు ఫాదర్. గురుపట్టం వదిలేసి, పైనుంచి అనుమతి తెచ్చుకుని మరీ నన్ను చేసుకున్నాడు. అప్పట్నుంచి ఆయన అక్క, అంటే మా వదిన, నాతో ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. ఏళ్ళు గడిచినా అంతే! ఆవిడంటే నాకు ఇప్పుడూ కోపమే. కాకపోతే ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

వదినది చర్చిలో పని. పీఠం మీద పరిచే గుడ్డలు, ఫాదర్ వేసుకునే అంగీలు ఉతికి ఇస్త్రీ చేస్తుంది. పూజపాత్ర తుడిచిన గుడ్డని మొదటిసారి జాడించిన నీళ్ళు కాలవలో పొయ్యదు, పూలమొక్కల మొదట్లో పోస్తుంది. పొరపాటున ఎవరైనా పారబోశారా, వాళ్ళ పని అయిపోయినట్టే! పెళ్ళి చేసుకోలేదు. అత్తయ్య మంచం పట్టాక ఎత్తి కూర్చోబెట్టడం, తల దువ్వడం, తినిపించడం అన్నీ తనే. ఒళ్ళు దాచుకునే మనిషి కాదు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ ఇంట్లో తెగని గొడవ ఒకటే. అత్తయ్య తన పాపసంకీర్తనం, అంటే చేసిన పాపాలు ఫాదర్ చెవిలో ఒప్పుకోవడం, కొడుకు దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా చెయ్యనంది. ఆయన పట్టం వదిలేశాక, పూజలో ఇచ్చే సత్ప్రసాదం తీసుకోవడం కూడా మానేసింది. అక్కడి చర్చి చూసుకునే విచారణ ఫాదర్ ఇంటికొస్తే గోడవైపు తిరిగి పడుకునేది. "అమ్మ ఇలాగే పోతే ఆవిడ ఆత్మ గతేంటి?" అని వదిన చర్చిలో కనిపించిన ప్రతివాళ్ళ దగ్గరా ఏడ్చేదట.

అత్తయ్య ఎనభయ్యో పుట్టినరోజుకి పూజ పెట్టిస్తున్నాం, ఇంటిల్లిపాదీ రావాలని మా బావగారు, అంటే మా ఆయన అన్నయ్య, కబురు పెట్టారు. నన్నూ రమ్మన్నారు. వెళ్ళాం. ముందుగదిలో అద్దె కుర్చీలు, వంటింట్లో పొంగుతున్న ఎసరు, పిల్లల గోల. వదిన నా చేతిలో పళ్ళెం అందుకుంది గానీ మొహం చూడలేదు. సరే మహారాణీ, నీ ఇష్టం అనుకున్నాను.

అందరూ చర్చికి బయల్దేరుతుంటే అత్తయ్యకి ఎగశ్వాస మొదలైంది. బావగారు ఫాదర్ కోసం పరిగెత్తారు. అత్తయ్య మా ఆయన చెయ్యి పట్టుకుని, "నాన్నా, నా పాపసంకీర్తనం వినరా" అంది. మాట స్పష్టంగానే ఉంది. ఆయన మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

వదిన ఒక్క ఉదుటున వచ్చి ఆయన జబ్బ పట్టుకుని లేపింది. "పట్టం వదిలేసినవాడివి. నువ్వు వింటే అమ్మ నెత్తిన ఇంకో పాపం పడుతుంది. నడు బయటికి!"

"అక్కా, ఇలాంటప్పుడు వినొచ్చే..."

"నోర్ముయ్. చర్చి సంగతులు నువ్వా నాకు చెప్పేది?"

ఆయన్ని గది బయటికి నెట్టి, తను లోపలుండి గడియ పెట్టేసింది. "నాన్నా, నాన్నా" అని అత్తయ్య పిలుపు. "ఫాదర్ వచ్చేస్తున్నారమ్మా, ఓర్చుకో" అని వదిన. తలుపు బద్దలు కొట్టవేం అని ఆయన్ని పట్టుకుని కుదిపేశాను. తల దించుకుని నిలబడ్డాడు. ఎంత మందికి ధైర్యం చెప్పిన మనిషో, ఆ ఇంట్లో మాత్రం గొంతు పెగలదు ఆయనకి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈలోగా లోపల పిలుపు ఆగిపోయింది.

ఫాదర్ వచ్చి సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో తల్లీ! చావు ముంగిట ఉన్నవాళ్ళది ఏ గురువైనా వినొచ్చు. పట్టం వదిలేసినా సరే. తలుపు తియ్యి."

తీసింది. అత్తయ్య కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, నోరు మాత్రం పడిపోయింది. ఫాదర్ తన మెళ్ళో వేలాడే స్టోల్ పట్టీ తీసి మా ఆయన మెళ్ళో వేశాడు. ఆయన వంగి చెవి ఆనించాడు. ఆవిడ పెదవులు కదులుతూనే ఉన్నాయి, మాట రాలేదు. ఏడుస్తూనే పాపక్షమాపణ ప్రార్థన చెప్పాడు. సాయంత్రానికి ఆవిడ పోయింది.

"దేవుడికి వినబడే ఉంటుందిలే" అని అందరూ వదినకి చెప్పారు. ఆవిడ చెవికి ఎక్కితేగా.

సమాధి అయ్యి, చుట్టాలు వెళ్ళిపోయాక వదిన మా దగ్గరికి వచ్చింది. కుర్చీలో ఉన్న తమ్ముడి ముందు మోకరించింది.

"అమ్మ నోరు నేనే నొక్కేశానురా. నాది విను. నీకే చెప్పుకుంటాను."

ఆయన గబుక్కున లేచాడు. భుజాలు పట్టి లేపబోయాడు, ఆవిడ లేవలేదు.

"నువ్వు చావుబతుకుల్లో లేవక్కా. నీది నేను వినకూడదు. ఫాదర్ దగ్గరికి వెళ్ళు. కావాలంటే తమ్ముణ్ణనుకుని చెప్పు, వింటాను."

వదిన తలెత్తి చూసింది.

"తమ్ముడు వింటే పాపం పోతుందట్రా?" అంది.