మా చెల్లె పళ్ల రంగు

నిజామాబాద్‌లో కట్టుడు పళ్లు చేసే దుకాణంలో నేను పని చేశాను. తెలంగాణ, ఆంధ్ర కలిసి ఒక రాష్ట్రమైన ఏడాది అందులో చేరాను. దుకాణం మా ఉస్తాద్‌ది. తాతల కాలం నుంచి ఊళ్లో ఉన్న ముస్లిం కుటుంబం వాళ్లది. ఆయన తండ్రి పళ్లు పీకేవాడట, ఈయన పళ్లు కట్టేవాడు. పొడిలో రసం పోసి ముద్ద చేసి, ప్లాస్టర్ అచ్చులో నొక్కి, నీళ్లలో ఉడికిస్తే పన్ను తయారవుతుంది. ఆ పని నాకు త్వరగానే వచ్చింది. రంగు చూడడం మాత్రం చాలాకాలం రాలేదు.

పన్ను అనగానే అందరూ తెలుపు అనుకుంటారు. అచ్చమైన తెల్ల పన్ను నేను ఏ నోట్లోనూ చూడలేదు. ఒకరిది వెన్న రంగు, ఒకరిది పాత బియ్యం రంగు, ఇంకొకరిది బియ్యం కడిగిన నీళ్ల రంగు. ఒక్క పంటిలోనే చిగురు దగ్గర పసుపు ఛాయ ఉంటుంది, అంచుకు వచ్చేసరికి అది నీటి ఛాయగా మారుతుంది. కోరపన్ను పక్కవాటికన్నా ఎప్పుడూ ఒకింత ముదురే.

ఉస్తాద్ వచ్చినవాళ్లను కిటికీ పక్కన కూర్చోబెట్టేవాడు.

"పొద్దుగాల సూడు బేటా, ఎండ ముదరకముందే. పన్ను తడిగ ఉన్నప్పుడే సూడాలె. ఆరిందంటే తెల్లగై నిన్ను మోసం జేస్తది. శానసేపు సూస్తే అన్నీ ఒక్కతీరుగనే కనవడ్తయి" అనేవాడు. నా చూపు అలసినప్పుడు తన నీలం రుమాలు ముందు పెట్టి, కాసేపు దాన్ని చూసి మళ్లీ పళ్లను చూడమనేవాడు.

నాకు ఒక్కతే చెల్లె. మోస్రాలో ఇచ్చాం. బావకు కాలువ కింద చెరుకు, వరి ఉండేవి. చెల్లె నవ్వితే పక్కింటిదాకా వినిపించేది. బతుకమ్మ ఆడేటప్పుడు పాట ఎత్తేది ఆమే. మిగతా ఆడవాళ్లు ఆమె వెనక అందుకునేవాళ్లు.

ఒకసారి చెరుకు కోతలప్పుడు బావతోపాటు బండి మీద బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోతూ ఉంటే, కాలువ గట్టు దిగేచోట ఎద్దు బెదిరింది. చెల్లె జారి కింద పడింది. నోరు బండి చక్రపు ఇనుప పట్టాకు తగిలింది. పైవరసలో ముందు పళ్లు రెండూ విరిగిపోయాయి. ప్రాణానికేం కాలేదని అందరం దేవుడికి దండం పెట్టుకున్నాం.

చిగుళ్లు మానాక ఆమెను బావ దుకాణానికి తీసుకొచ్చాడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకునే కూర్చుంది.

"పాట పాడుతుంటే గాలి వోతుందన్నా. మాట గుడ సక్కగ వస్తలేదు" అంది. ఆ మాట కూడా గాలిగానే వచ్చింది.

ఉస్తాద్ నా వైపు తిరిగి, "నీ చెల్లెది నువ్వే జెయ్యి" అన్నాడు.

ఆమెవి లేత మొక్కజొన్న గింజల్లాంటి పళ్లు. పాలు పట్టిన గింజను గిల్లితే కనిపించే తెలుపు. మొదట నేను చేసినవి సుద్దముక్కలు అతికించినట్టు కొట్టొచ్చినట్టు కనిపించాయి. మళ్లీ చేస్తే పసుపు ఎక్కువైంది. అప్పుడు వాటిని పక్కన పడేసి, చెల్లెను మర్నాడు పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చోబెట్టుకుని మిగతా పళ్లను శ్రద్ధగా చూశాను. మా ఊరి బావి నీళ్లు తాగి పెరిగిన వాళ్లందరికీ ఉన్నట్టే ఆమె పళ్ల మీద కూడా అక్కడక్కడా సున్నపు మచ్చలున్నాయి. చిగురు దగ్గర పసుపు పెంచి, అంచున చిటికెడు బూడిద రంగు కలిపి, ఒక పంటి మీద చిన్న సున్నపు మచ్చ పెట్టాను.

చెల్లె అద్దంలో చూసుకుంది. కొంగు వదిలేసింది. "వీటిల నావేవి, నువ్వు జేసినవేవి అన్నా?" అని గట్టిగా నవ్వింది. లోపల టీ తాగుతున్న ఉస్తాద్ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చి, ఆయనా నవ్వాడు. ఆ ఏడు బతుకమ్మకు పాట మళ్లీ ఆమే ఎత్తిందని బావ చెప్పాడు.

కొన్నేళ్లు బాగానే గడిచాయి. తర్వాత ఆమెకు పురిట్లోనే బిడ్డ పోయింది. అప్పటినుంచి మనిషి కోలుకోలేదు. ఒంట్లో రక్తం లేదన్నారు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. పెద్దాసుపత్రిలో రక్తం పట్టడానికి ఇనుము కలిసిన నీళ్లమందు ఇచ్చారు. అది తాగగా తాగగా పళ్లు నల్లబడ్డాయి. నేను చేసినవి మాత్రం ఎట్లున్నవో అట్లే ఉన్నాయి.

ఒకరోజు ఆసుపత్రి నుంచి నేరుగా దుకాణానికి వచ్చింది. పాదాలు వాచి ఉన్నాయి.

"అన్నా, మాట్లాడితే అందరు గీ రెండు పండ్లే సూస్తున్నరు. మొన్న అంగట్ల మరాఠీ ఆమె అడగనే అడిగింది, గవి పెట్టుడు పండ్లా అని. వీటిని గుడ నా పండ్ల లెక్కనే జెయ్యి."

"మందు బంద్ జేసినంక నీ పండ్లు మంచిగైతయి చెల్లె. నేనే రుద్ది తెల్లగ జేస్త. జర ఆగు."

"మందు ఎప్పుడు బంద్ జేస్తరన్నా?"

ఉస్తాద్ ఆమె పాత అచ్చును తుడిచి నా ముందు పెట్టాడు.

ఎవరికి పళ్లు చేసినా వయసుకంటే ఒక ఛాయ లేతగా చేస్తాం. వాళ్లకు సంతోషంగా ఉంటుంది. రోగం రంగును కావాలని కలపడం నాకు అదే మొదలు. గోధుమ రంగు పొడి చేతిలోకి తీసుకుని, కలిపేముందు ఆమె పళ్లను మళ్లీ చూశాను. చిగురు దగ్గర ఉన్న నలుపు వేరు, పళ్ల సందుల్లో పట్టిన నలుపు వేరు. వాటి కింద ఆ లేత గింజ తెలుపు ఇంకా ఉంది. దాన్ని పూర్తిగా కప్పేస్తే ఆమె పన్ను కాదు. అందుకని ముందు ఆ తెలుపే చేసి, దాని మీద పొగ చూరినట్టు పలచగా రంగు వేశాను. ఇంకొంచెం వేయబోతుంటే ఉస్తాద్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"బస్ బేటా. చాలు."

చెల్లె పెట్టుకుని చూసుకుంది. నాలుకతో తడుముకుంది. "ఇప్పుడు కలిసినయన్నా" అంది. నవ్వలేదు. పాతవి తీసుకుపొమ్మంటే వద్దంది.

"ఇంటికాడ ఉంటే పెట్టుకోబుద్ధయితది."

ఆ ఎండాకాలం దాటలేదు ఆమె. కబురు అందగానే బస్సెక్కి పోయాను. నేను వెళ్లేసరికి ఆడవాళ్లు స్నానం చేయించడానికి తడకలు కడుతున్నారు. వాళ్లలో ఒక ముసలవ్వ నా దగ్గరకు వచ్చి, పెట్టుడు పండ్లు తీసెయ్యాలె గదా బిడ్డా అని మెల్లగా అడిగింది. నేను నోరు తెరవకముందే బావ అందుకున్నాడు.

"ముట్టకుండ్రి. అవి లేకుంట ఆమె నా ముంగట గుడ ఎన్నడు నోరు తెరువలే."

అట్లాగే తీసుకుపోయారు.

తిరిగి దుకాణానికి వచ్చాక రంగు చూసే పని ఉస్తాద్ తానే చేసుకున్నాడు. అచ్చులు పోసుకుంటూ వెనక గదిలో కూర్చునేవాణ్ని. ఒక శుక్రవారం ఆయన నమాజుకు పోయినప్పుడు ఏర్గట్ల నుంచి ఒకామె వచ్చింది. పసుపు రైతుల ఇంటి మనిషి. గోళ్ల చుట్టూ పసుపు ఇంకిపోయి ఉంది. ముందు పన్ను ఒకటి లేదు. ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. ఆమె కొంగు తీసి నోరు తెరిచింది. చూశాను. నాకు ఏ రంగూ తెలియలేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసినా అంతే.

"ఏమైందన్నా, గంత పాడైనయా?" అని ఆమె భయపడింది.

"నీ పండ్లకేం గాలేదమ్మా. మధ్యాహ్నం వెలుగుల సరిగ్గ కనవడ్తలేదు. రేపు పొద్దుగాల రా" అన్నాను.

మర్నాడు ఆమె తొలి బస్సుకే వచ్చింది. ఉస్తాద్ దుకాణంలోనే ఉన్నాడు, లేవబోయాడు. నేను చూస్తానన్నాను. ఆమెవి వెన్న రంగు పళ్లు, అంచున కొంచెం బూడిద. పన్ను చేసి ఇచ్చాను.