టీచరమ్మగారు మార్చిన కథ

మా సండే స్కూలు టీచరమ్మగారు పోయారు. విజయవాడ గవర్నర్‌పేటలో మా ఆఫీసు కింద హోటల్లో టిఫిన్ చేస్తుండగా పామర్రు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "టీచరమ్మగారు పోయారక్కా. పొద్దున్నే ప్రార్థన చేసుకుని మళ్ళీ పడుకున్నారంట. ఇంక లేవలేదు," అన్నాడు. ఎప్పుడు, ఎలా అని అడగాల్సింది పోయి, "నువ్వు బాగానే ఉన్నావా?" అని అడిగాను. ఎందుకలా అడిగానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆవిడ మంచితనం గురించి చెప్పేవాళ్ళు మా ఊరినిండా ఉన్నారు. నేను చెప్పేది నా గురించి కూడా, అది అంత ముచ్చటైన సంగతి కాదు.

పామర్రుకి కాస్త అవతల, కాలవ గట్టునే మా ఊరు. నేను చెప్పేది తొంభైల మొదట్లో మాట. టీచరమ్మగారు వారమంతా బాలవాడిలో చిన్నపిల్లలకి అక్షరాలు నేర్పేవారు. ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి వెనక రేకుల షెడ్డులో మమ్మల్ని కూర్చోబెట్టి కథలు చెప్పేవారు. పాత శుభలేఖలు కత్తిరించి బొమ్మలు చేసి, వాటి వెనక ఉన్ని గుడ్డ అంటించేవారు. గోడకి కట్టిన నల్ల దుప్పటి మీద పెడితే బొమ్మ కింద పడకుండా అతుక్కునేది. మాకు అదే సినిమా.

బైబిలు వాక్యం చెప్పడం అయ్యాక, మేం పట్టుబడితే తన సొంత కథ ఒకటి తీసేవారు. అందులో ఎప్పుడూ ఒక అక్క, ఒక తమ్ముడు ఉండేవారు. వాళ్ళకి పేర్లుండేవి కావు. తుఫానులో తప్పిపోయిన గేదెదూడని వెతికేవారు, జ్వరంతో ఉన్న అమ్మకి మందు తెచ్చేవారు. భయం వేసినప్పుడు ప్రార్థన చేసుకుని ముందుకు నడిచేవారు. కథ అవగానే ఆవిడ గొంతు మార్చేసి, "సరే, మరమరాలు కావలసినవాళ్ళు చేతులు చూపించండి, కడిగినియ్యి," అనేవారు. మాలో ఇద్దరు కొట్టుకుంటే, "ముందెవరు కొట్టారో నాకొద్దు. ముందెవరు మాట్లాడతారో అది చెప్పండి," అనేవారు. ఆ మాటకి అప్పట్లో మేం నవ్వుకునేవాళ్ళం.

ఒక ఆదివారం తాటిదుంగ కథ చెప్పారు. అక్కాతమ్ముళ్ళు దుంగ మీద కాలవ దాటాలి. తమ్ముడికి భయం. "కళ్ళు మూసుకో, ప్రభువుని తలుచుకో, నీ చొక్కా నేను పట్టుకుని వెనకే వస్తాను," అంటుంది అక్క. ఇద్దరూ దాటేస్తారు.

మా ఊరి కాలవ మీద కూడా అలాంటి దుంగ ఒకటి ఉండేది. షెడ్డులోంచి బయటికి రాగానే నాతోటి ఆడపిల్లలు, "నువ్వు దాటగలవా?" అని నన్ను రెచ్చగొట్టారు. నాకు పదేళ్ళు. గొప్పలు చాలా ఉండేవి, ధైర్యమే లేదు. అందుకని ఏడేళ్ళ తమ్ముణ్ణి ముందుకి తోశాను. "కథలో తమ్ముడు వెళ్ళలేదా? కళ్ళు మూసుకో. నేను వెనకే వస్తాను," అన్నాను. వాడు నిజంగానే కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ దుంగ ఎక్కాడు. నాలుగడుగులు వేశాక, "అక్కా, వస్తన్నావా?" అని అడిగాడు.

"వస్తన్నా, నడువు," అన్నాను గట్టు మీద నిలబడి.

కాలవకి నీళ్ళు వదిలి వారం కూడా కాలేదు. ఇంకో రెండడుగులకి వాడి కాలు జారింది. పడేటప్పుడు మోచెయ్యి దుంగకి కొట్టుకుని విరిగింది. అవతల గడ్డి కోస్తున్న మనిషి దూకి వాణ్ణి బయటికి తీశాడు. నాటుకట్టు కట్టించారు. ఎముక వంకరగా అతుక్కుంది. పెద్దయ్యాక వాడు కానిస్టేబుల్ సెలక్షన్లకి వెళ్ళాడు. పరుగులో అందరికన్నా ముందొచ్చి, డాక్టరు చెయ్యి చాపమన్న చోట ఆగిపోయాడు. ఇప్పుడు పామర్రులో ఎరువుల కొట్లో పనిచేస్తున్నాడు.

ఆ రోజు ఇంట్లో ఎందుకు ఎక్కించావని అడిగితే నేను ఒక్కటే మాట చెప్పాను. టీచరమ్మగారి కథలో అలాగే ఉంది అని. అబద్ధం కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నేను వెనక వెళ్ళలేదన్న సంగతి మాత్రం మింగేశాను. నాన్న ఆవిడ గుమ్మంలోకి వెళ్ళి, "ఏంటండీ మీరు పిల్లలకి చెప్పేది? నా కొడుకు చెయ్యి పోయింది," అని అరిచాడు. ఆవిడ తల వంచుకుని, "తప్పు నాదేనండి," అన్నారు. పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

మరుసటి ఆదివారం ఆవిడ పెద్దల్ని కూడా షెడ్డులోకి పిలిచారు. "నేను కథ తప్పు చెప్పాను పిల్లలూ," అన్నారు. "విశ్వాసం ఉన్నవాళ్ళు కూడా కళ్ళు తెరుచుకునే నడవాలి. ఇక నుంచి దుంగ మీద అక్క ముందు వెళ్తుంది. అది గట్టిగా ఉందో లేదో చూశాకే తమ్ముణ్ణి రమ్మంటుంది." దుప్పటి మీద రెండు బొమ్మల్నీ తీసి స్థానాలు మార్చి పెట్టారు. తర్వాత ఎన్నేళ్ళు చెప్పినా ప్రతి కథలోనూ అక్కే ముందు నడిచింది. అయినా కొందరు తల్లులు పిల్లల్ని పంపడం మానేశారు. నలభై మంది కూర్చునే షెడ్డులో పదిహేను మందిమి మిగిలాం. ఆవిడ ఒక్కరోజు కూడా నా వైపు వేరేగా చూడలేదు. తమ్ముడి కట్టు విప్పేదాకా రోజూ సాయంత్రం మా ఇంటికి వచ్చి, ఎడమ చేత్తో పలక మీద అక్షరాలు దిద్దించారు.

నేను చదువుకి, తర్వాత ఉద్యోగానికి విజయవాడ వచ్చేశాను. ఊరెళ్ళినప్పుడల్లా, ఈసారి ఆవిడకి చెప్పేయాలి అని బస్సులో అనుకునేదాన్ని. ఆవిడ టీ పెట్టి, "ఆఫీసులో బాగుందా అమ్మా?" అని అడిగి, కాసేపు నా మొహం కేసి చూస్తూ కూర్చునేవారు. నేను ఆఫీసు సంగతులు చెప్పి వచ్చేసేదాన్ని. సిగ్గుగా ఉంది రాయడానికి, కానీ ఇరవై ఏళ్ళు ఇలాగే గడిపాను.

ఆవిడ పోయిన మూడో రోజు చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు, "ఎవరైనా సాక్ష్యం చెప్పాలనుకుంటే లేవండి," అన్నారు. లేచాను. చెప్పేయాలనే లేచాను. మైకు చేతికి రాగానే, ఆవిడ ఎంత చక్కగా కథలు చెప్పేవారో, మరమరాలు ఎలా పంచేవారో చెప్పి కూర్చున్నాను. అందరూ ఆమేన్ అన్నారు. అంత అసహ్యంగా నాకెప్పుడూ అనిపించలేదు.

జనం వెళ్ళిపోయాక తమ్ముడు కుర్చీలు సర్దుతుంటే వాడి దగ్గరికి వెళ్ళాను. "ఆ రోజు నేను దుంగ ఎక్కలేదురా. వస్తున్నానని అబద్ధం చెప్పాను," అన్నాను.

వాడు ఒక కుర్చీ మీద ఇంకో కుర్చీ వేశాడు. "నాకు తెలుసుగా. వెనకాల దుంగ కదల్లేదు."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"టీచరమ్మగారికి చెప్పా. నన్ను చూడటానికి మొదటిసారి శనివారం వచ్చారుగా, అప్పుడే."

శనివారం అంటే ఆవిడ అందరి ముందూ నిలబడి తప్పు నాదన్న ఆదివారానికి ముందు రోజు. నేను అక్కడే ఒక కుర్చీలో కూలబడ్డాను.

"ఏమన్నారు?"

"మీ నాన్నకి చెప్పమాకు, అక్కని కొడతాడు అన్నారు. అక్కే చెబుద్దిలే, చెప్పనీ అన్నారు." వాడు ఇంకో కుర్చీ ఎత్తి పెట్టాడు. "ప్రతి క్రిస్మస్‌కీ అడిగేవారక్కా, మీ అక్క ఏమన్నా చెప్పిందా అని."

"నువ్వేమనేవాడివి?"

"ఇంకా లేదండి అనేవాణ్ణి," అన్నాడు. చాపలేని ఆ చేతి మడతలో నాలుగు కుర్చీలు ఇరికించుకుని, నేను కూర్చున్నది కూడా ఇమ్మని రెండో చెయ్యి చాపాడు.