పొన్ను మీద బొటనవేలు

కత్తిని పాడుచేసింది నేనే. మా ఆవిడ పోయిన నెలకు, ఆమె కూరలు కోసే కత్తిని అంట్లతోపాటు బకెట్టులో వేసి రోజంతా మరిచిపోయాను. తీసి చూసేసరికి కొయ్యపిడి ఉబ్బి నెర్రె ఇచ్చింది. పిడి, కోసే అలుగు కలిసే చోట బిగించే ఇత్తడి కట్టును పొన్ను అంటారు. అదీ పగిలింది.

కొత్తగూడెంలో కొత్త కత్తులు కావలసినన్ని దొరుకుతాయి. నాకు ఈ కత్తే కావాలి. ములకలపల్లి అవతల మంచి కమ్మరి ఒకాయన ఉన్నాడంటే బస్సెక్కాను. సంచిలో కత్తి, పగిలిన పొన్ను, పాత మంచంకోడు నుంచి కోయించిన టేకు ముక్క ఉన్నాయి. టేకును మించిన కొయ్య లేదనుకున్నాను.

కొలిమి దగ్గర పంకా తిప్పుతున్న ఆయన భార్య ఆ ముక్కను చూసి నవ్వింది.

"మంచంకోడు తెచ్చినవా సారూ? కత్తిని పండబెడ్తవా?"

"ఊకోవే," అని ఆయన నా వైపు తిరిగాడు. "ఇది లారీ కమాను పట్టీతోని చేసిన కత్తి, బరువు. టేకేమో తేలిక. పట్టుకుంటే మూతి కిందికి గుంజుతది. అలుగు తోక పిడిలకు దిగేటప్పుడు చీలుతది గూడ."

అటక మీద నుంచి మూడు కొయ్యలు దించాడు. ఒక్కొక్కదాన్ని దాయి అనే ఇనపదిమ్మ మీద తట్టి విన్నాడు. కోసిన కొనమీద నీటిచుక్క పెట్టి, అది ఎంతసేపు నిలుస్తుందో చూశాడు. గొడ్డలి పిడులకు వాడే చిరుమాను ముక్క మీద చుక్క చాలాసేపు అలాగే నిలిచింది. తొందర లేకుండా చూశాడు. నేను పుస్తకాన్ని కూడా అంత ఓపికగా చదివి ఉండను.

తరువాత పాత పొన్నును వెలుతురుకు పట్టి తిప్పాడు. ఒక పక్క అరిగి కాగితంలా పలచబడింది. పగిలింది అక్కడే.

"ఎవలిది ఈ కత్తి?"

"నా భార్యది. పోయింది."

ఆయన పలచబడిన చోట వేలు పెట్టి చూపించాడు. "ఆమె బొటనేలు ఈడ పెట్టేది. పిడిని పిసికి పట్టే మనిషి కాదు. గిట్ల పట్టేటోళ్లకు ఎంత కోసినా చెయ్యి గుంజది. పనిమంతురాలు."

ముప్పై ఏళ్లకు పైగా ఆమె వండింది తిన్నాను. కోసేటప్పుడు ఆమె బొటనవేలు ఎక్కడుండేదో ఒక్కసారీ చూడలేదు. ఈయన ఆమెను చూడకుండానే చెప్పాడు.

"ఇదే పొన్ను మళ్లీ తొడగండి," అన్నాను. గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"అతుకు పెట్టొచ్చు. అతుకు బొటనేలుకు గీరుకుంటది. కొయ్య జర ఉబ్బిందంటే మళ్ల ఆడనే పగుల్తది. సారూ, ఒక్క మాట చెప్పు. కోసుకుంటవా, దాచుకుంటవా? దాచుకునేదైతే నీ టేకుతోనే చేస్త, పాలిష్ పెడ్త, ఇదే తొడుగుత. కోసేదైతే ఇది పనికిరాదు."

"ఇంట్ల వంటెవలు చేస్తున్నరు?" అని ఆయన భార్య అడిగింది.

"మెస్ నుంచి తెప్పించుకుంటున్న."

"మెస్ కూరకు కత్తెందుకు సారూ?"

"ఏందే గా మాటలు!" అని ఆయన కసిరాడు గానీ ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. అలంకారం నాకు పడదని జీవితమంతా చెప్పుకున్నాను. మెరిసే పిడితో, కోయని కత్తిని గూట్లో నిలబెట్టుకోవాలని వచ్చింది కూడా నేనే.

"కోసుకుంట," అన్నాను.

ఆయన వెంటనే పాత లోహపు ముక్కల డబ్బా బోర్లించాడు. రాగి గొట్టం మెత్తన అని పక్కన పెట్టాడు. ఇనుము చింతపండు పులుసుకు తుప్పు పడుతుందన్నాడు. ఏదో మోటారు నుంచి ఊడిన మందపాటి ఇత్తడి ముక్కను తీసి, రంపంతో కట్టు కోసి, లోపలి అంచును కూడా అరగదీశాడు. ఎవరికీ కనపడని అంచు అది. చిరుమాను ముక్కను పిడిగా చెక్కి, రంధ్రం చేసి, దాని కొనకు ఆ కట్టు తొడిగాడు. అలుగుకు తడిగుడ్డ చుట్టి, తోకను మాత్రమే ఎర్రగా కాల్చి, లక్కపొడి పోసిన కొయ్యలోకి దించాడు. పొగ వచ్చింది. చల్లారాక కత్తి నా చేతికిచ్చాడు.

"పట్టుకో. నీకు తోచినట్టు."

నా బొటనవేలు పొన్ను దాకా రాలేదు. వెనక కొయ్య మీదే ఆగింది. ఆయన అక్కడ బొగ్గుతో గుర్తు పెట్టి, ఆ చోటును ఆకురాయితో కొంచెం లోతు చేశాడు. ఆమె చోటు మీద నన్ను పట్టుకోమనలేదు. అందుకు ఆయనకు నేను ఎప్పటికీ కృతజ్ఞుణ్ణి.

"ఇది అరగాలంటే ఎన్నేళ్లు పడుతుంది?" అని పొన్ను చూపించాను.

"నువ్ వండుకునేదాన్ని బట్టి."

పాత పొన్నును జేబులో వేసుకుని లేచాను. కమ్మరి భార్య పందిరి మీది సొరకాయ ఒకటి తెంపి సంచిలో పెట్టింది.

"ఇయ్యాల్నే షురూ చెయ్ సారూ. రేపంటే చెయ్యవు."

ఇంటికొచ్చి కోశాను. ముక్కలు సమానంగా రాలేదు. కొన్ని ఉడికాయి, కొన్ని ఉడకలేదు. అన్నీ తిన్నాను.