కొత్త లాప్‌టాప్‌లో పాత అక్షరాలు

ఆత్మకూరు బస్టాండు దగ్గర నాది డీటీపీ షాపు. పాత కంప్యూటర్ పాడైతే నెల్లూరు వెళ్లి కొత్త లాప్‌టాప్ తెచ్చాను. కరెంటు పోయినా సాయంత్రం దాకా నడుస్తుందన్నారు. బర్రెను కొనేముందు పాలు పితికి చూస్తాం మేము. నేను మాత్రం బ్యాటరీ ఒక్కటే చూసి, లోపలి ప్రాసెసర్ వేరే జాతిదని, పాత సాఫ్ట్‌వేర్లు కొన్ని దానికి పడవని తెలుసుకోకుండా కొనేశాను.

పేజీలు దిద్దే పాత ప్రోగ్రామ్ కాస్త నింపాదిగానైనా తెరుచుకుంది. పాత ఫాంట్లూ వచ్చాయి. కానీ నేను కొట్టే మీటలను తెలుగు అక్షరాలుగా మార్చే టైపింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం ఎక్కనని మొరాయించింది. ఏ మీట నొక్కినా కొమ్మో ఒత్తో, ఏదో ఒక ముక్క పడుతోంది. ఒళ్లు మండింది.

సరిగ్గా అప్పుడే ఉదయగిరి నుంచి చెక్క గరిటెలు చేసే అక్క వచ్చింది. మర్నాడు విజయవాడలో ఎగ్జిబిషన్, సాయంత్రమే బస్సు. గరిటెల మీద అంటించే లేబుళ్లు కావాలి. లాప్‌టాప్‌లో ముందే ఉన్న తెలుగు కీబోర్డుతో, కొత్త ఫాంటులో వేసి చూపించాను.

"ఇవి వద్దు పాపా. మిషన్ గరిటెలు తెచ్చి ఉదయగిరివని అమ్మేవాళ్లు ఎక్కువైనారు. ఈ అచ్చరాలు చూసే మా గిరాకీ మా కాడికొచ్చేది," అని పాత లేబుల్ బల్ల మీద పెట్టింది.

"కూర్చో అక్కా. టైపు కొట్టే సాఫ్ట్‌వేర్ పనిచేయడం లేదు. అయినా అవే ఇస్తాను," అన్నాను.

ఊరికే అనలేదు. మా నాయన అచ్చు ప్రెస్సులో కంపోజిటర్. చిన్నప్పుడు నన్ను సీసపు అక్షరాల గళ్లపెట్టె ముందు నిలబెట్టి, అక్షరం, ఒత్తు ఏరి పేర్చడం నేర్పాడు. కంప్యూటర్లొచ్చి ఆ ప్రెస్సు మూతపడింది. నేను ఇదే పనిలోకి వచ్చినా, ఆయన నా షాపులో ఒక్కసారి కూడా కూర్చోలేదు.

పాత ఫాంటులోనూ అక్షరాలు ముక్కలుగానే ఉంటాయి. వాటికి ప్రాసెసర్ ఏదైనా ఒకటే. ముక్కల పట్టిక తెరిచి, మౌస్‌తో ఒక్కొక్కటీ ఏరి 'ఉదయగిరి చెక్క గరిటె' అని పేర్చాను. 'క్క' కింద ఒత్తు పక్కకు జరిగితే, నాయన నెత్తిన మొట్టినట్టనిపించి సరిచేశాను.

అక్క రెండు లేబుళ్లూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఇవే. ఆ సాఫ్ట్‌వేర్ బాగైపోయిందా ఏంది?"

"లేదక్కా. పని నాకు గుర్తుండాది."

ఆమె బస్సెక్కాక నాయన గుర్తొచ్చాడు. కంప్యూటర్ తన పనిని మింగేసిందని నాయన పోయేదాకా బాధపడ్డాడు. మింగలేదు నాయనా, నా చేతుల్లోనే ఉందని చెబుదామంటే ఆయన లేడు.